ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్: పల్నాడు ఆసుపత్రుల పరిణామం

ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ 1986లో శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన స్వయంప్రతిపత్తి గల ఆసుపత్రుల సంస్థ. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచే బోధనాసుపత్రికీ నడుమ ఉన్న సర్కారు ఆసుపత్రులు, అంటే జిల్లా ఆసుపత్రులు, ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు దీని కిందికి వచ్చాయి. మామూలుగా ముప్ఫై పడకల నుంచి మూడు వందల యాభై పడకల దాకా ఉన్నవి ఇవి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఇదే పోలికతో తెలంగాణ వైద్య విధాన పరిషత్ ఏర్పడింది.

ఈ సంస్థ కథను హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న ప్రధాన కార్యాలయం నుంచి చెప్పడం కంటే పల్నాడు జిల్లా ఎడ్లపాడు లాంటి ఊరి నుంచి చెబితే బాగా అర్థమవుతుంది. కొండవీటి కోట ఉన్న మండలం ఇది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. చుట్టూ పత్తి, మిరప చేలు, నూలు మిల్లులు, వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు. జ్వరమొస్తే ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కాన్పు కష్టమైతే చిలకలూరిపేట. ఇంకా పెద్ద కష్టమొస్తే నరసరావుపేట, లేదా గుంటూరు పెద్దాసుపత్రి. సర్కారు వైద్యంలోని అంచెలన్నీ ఒక్క బస్సు టిక్కెట్టు దూరంలో కనిపించే ఊరు కాబట్టి, వాటిలో ఏ అంచె గట్టిదో ఏది బలహీనమో ఇక్కడివాళ్ళకు అనుభవం మీద తెలుసు.

పూర్వరంగం

పల్నాటికి పాశ్చాత్య వైద్యం మిషనరీలతో వచ్చింది. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరారు. కొన్నేళ్ళకు స్వదేశం వెళ్ళి, యాభై ఏళ్ళు దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, పట్టా పుచ్చుకుని తిరిగొచ్చారు. 1849లో గురజాలలో మకాం పెట్టారు. రైలు లేని, సరైన రోడ్డు లేని రోజుల్లో గురజాలలో చదువుకున్న వైద్యుడొకరు ఉండటం చిన్న సంగతి కాదు. అయితే అది ఒక మనిషి చేసిన సేవ. ఆయనతో వచ్చి ఆయనతో వెళ్ళిపోయింది, వెనక సంస్థ అంటూ మిగల్లేదు.

సంస్థను నిలిపిన మనిషి డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1883 చివర్లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడానికే ఆడవాళ్ళు వెనకాడే కాలం. ముందు ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేశారు, తర్వాత డిస్పెన్సరీ పెట్టారు, 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు తమ కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల వెంట వచ్చేవాళ్ళు దిగేందుకు ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. మంచం మీద ఒకరుంటే కింద నలుగురు ఉంటారన్న మన ఇళ్ళ తీరు తెలిసిన దాత ఆయన. నేటి ఆసుపత్రి నమూనాల్లో ఇప్పటికీ సరిగా చోటు దొరకనిది ఆ నలుగురికే. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రి ఆవిడ పేరు మీద నడిచింది.

సర్కారు వైపు చూస్తే, మద్రాసు రాష్ట్రంలో చిన్న ఊళ్ళ వైద్యం చాలాకాలం స్థానిక బోర్డుల చేతిలో ఉంది. 1884 నాటి చట్టంతో తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ఏర్పడ్డాక శిస్తు మీద వేసే సెస్సు సొమ్ముతో ‘లోకల్ ఫండ్’ డిస్పెన్సరీలు నడిచాయి. జనం వీటిని ధర్మాసుపత్రులన్నారు. జస్టిస్ పార్టీ ప్రభుత్వ కాలంలో, 1924 ప్రాంతంలో, పల్లెల్లో కాపురముండి వైద్యం చేసే డాక్టర్లకు ఏటా కొంత సబ్సిడీ ఇచ్చే పథకం వచ్చింది. డాక్టరును పల్లెలో నిలబెట్టడం ఎలా అన్న ప్రశ్నకు మన ప్రభుత్వాలు వెతికిన తొలి జవాబుల్లో అదొకటి. వందేళ్ళయినా ఆ ప్రశ్న ఇంకా బల్ల మీదే ఉంది.

1946 రెండు కారణాల వల్ల ముఖ్యమైన ఏడాది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉండగా గుంటూరు వైద్య కళాశాల మొదలైంది. ఆంధ్ర ప్రాంతంలో 1923 నాటి విశాఖపట్నం కళాశాల తర్వాత ఇదే. దీంతో గుంటూరు ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది, పల్నాడంతటికీ పెద్దాసుపత్రి అయింది. అదే ఏడు భోర్ కమిటీ నివేదిక వెలువడింది. దేశమంతటా అంచెలంచెలుగా ఆరోగ్య కేంద్రాలుండాలని, అడుగున ప్రాథమిక కేంద్రం, నడుమ మరో పెద్ద కేంద్రం, పైన జిల్లా ఆసుపత్రి ఉండాలని అది చెప్పింది. 1952 నుంచి సామాజిక వికాస పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పుట్టుకొచ్చాయి. పైన వైద్య కళాశాలలు పెరిగాయి. నడిమి అంచె మాత్రం పాత తాలూకా ఆసుపత్రుల రూపంలోనే ఉండిపోయింది. జిల్లా ఆసుపత్రులను బలపరచాలని 1962లో మొదలియార్ కమిటీ చెప్పినా పెద్దగా మారలేదు. కొత్త ఆరోగ్య కేంద్రానికి శంకుస్థాపన ఉంటుంది, కొత్త కళాశాలకు ప్రారంభోత్సవం ఉంటుంది. పాత తాలూకా ఆసుపత్రికి మత్తు డాక్టరును వేయడానికి ఏ పండుగా ఉండదు. ఆ అంచె వెనకబడటానికి ఇదొక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పరిషత్ పుట్టుక

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985లో తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు తెచ్చింది. మరుసటి ఏడు విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్య విధాన పరిషత్ చట్టం కూడా ఆ 1986లోదే. అప్పటిదాకా ప్రాథమిక కేంద్రాల మలేరియా లెక్కలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు చూసే శాఖే తాలూకా ఆసుపత్రులనూ చూసేది. ఆసుపత్రి నడపడం అంటే రోజూ నీళ్ళు, కరెంటు, దుప్పట్లు, ఆక్సిజన్, ఎక్స్‌రే ఫిల్ములు, రాత్రి డ్యూటీలు. అది వేరే పని, దానికి వేరే యంత్రాంగం కావాలన్నది కొత్త సంస్థ వెనకున్న ఆలోచన. బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల కింద, ప్రాథమిక కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద ఉండిపోగా, నడిమి ఆసుపత్రులు పరిషత్ కమిషనర్ కిందికి వచ్చాయి. జిల్లాలో వీటికి ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి పెద్ద.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులను స్వయంప్రతిపత్తి గల ట్రస్టులుగా మార్చే చట్టం 1990లో వచ్చింది, తొలి ట్రస్టులు 1991లో పని మొదలుపెట్టాయి. మన పరిషత్ అంతకు ముందే ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ ఒక్కో ఆసుపత్రికో చిన్న ఆసుపత్రుల గుంపుకో ట్రస్టు ఏర్పడింది. ఇక్కడ రాష్ట్రమంతటికీ ఒకే పరిషత్. చిలకలూరిపేట ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీ పడితే నింపే అధికారం చిలకలూరిపేటకు ఉండేది కాదు. స్వయంప్రతిపత్తి ప్రధాన కార్యాలయం దాకా వచ్చి ఆగింది. ఆ కార్యాలయానికీ సొంత ఆదాయం ఉండేది కాదు, ప్రభుత్వమిచ్చే గ్రాంటే ఆధారంగా ఉండేది. దాని ఫలితాన్ని సిబ్బంది చాలాకాలం మోశారు. సర్కారు ఆసుపత్రిలో పనిచేసినా సర్కారు ఉద్యోగులు కాలేకపోయారు. సర్కారు ఉద్యోగులకు ఖజానా నుంచి నేరుగా జీతాలిచ్చే 010 పద్దు కింద తమకూ జీతాలివ్వాలని ఏళ్ళ తరబడి అడిగారు.

అయినా పరిషత్ ఒక మంచి పని చేసింది: ఆసుపత్రులను కొలవడం నేర్చుకుంది. ఐఏఎస్ అధికారి ప్రశాంత మహాపాత్ర, హార్వర్డ్ ఆచార్యుడు పీటర్ బర్మన్ కలిసి ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రుల పనితీరు మీద 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చెప్పుకోదగ్గది. వాడిన కొలతలు సులువైనవి. ఆసుపత్రిలోని పడకల్లో సగటున ఎన్ని నిండి ఉంటున్నాయి? ఒక్కో పడక మీద ఏడాదికి ఎంతమంది రోగులు మారుతున్నారు? ఈ రెండు అంకెల్నీ ఒక కాగితం మీద అడ్డంగా, నిలువుగా గీస్తే ఆసుపత్రులు నాలుగు గళ్ళలో పడతాయి. పడకలు నిండటమూ తక్కువ, రోగులు మారడమూ తక్కువైతే అక్కడికి జనం రావడం లేదని అర్థం. పడకలు నిండుగా ఉండి రోగులు మారకపోతే, ఉన్నవాళ్ళను ఉండాల్సిన దానికంటే ఎక్కువ రోజులు ఉంచుతున్నారని. రోగులు వేగంగా మారుతూ పడకలు ఖాళీగా ఉంటే, కాన్పులు, చిన్న చిన్న జబ్బులు మాత్రమే చూసి మిగతావాళ్ళను పై ఆసుపత్రికి పంపేస్తున్నారని. రెండూ బాగుంటే ఆ ఆసుపత్రి చేతనైనంత పని చేస్తున్నట్టు. ఈ పటం వేసే పద్ధతిని కొలంబియా ఆసుపత్రుల లెక్కలతో పాబోన్ లాసో అనే పరిశోధకుడు 1986లోనే చూపించాడు. ఏ ఊరి ఆసుపత్రికి సొమ్ము కావాలో, ఏ ఊరి దానికి పెద్ద డాక్టరు కావాలో, ఏ ఊరి దాన్ని గట్టిగా నిలదీయాలో పలుకుబడి మీద కాక అంకె మీద తేల్చే వీలు దీంతో వచ్చింది. పరిషత్ చరిత్రలో అన్నిటికంటే గౌరవించదగ్గ భాగం ఇదే. దీన్ని ప్రతి ఊళ్ళో, ప్రతి ఏడూ, జనం చదువుకునేలా ఆసుపత్రి గోడ మీద వేసి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది.

ఇలా సిద్ధమైన నేల మీదికే ప్రపంచ బ్యాంకు సొమ్ము వచ్చింది. 1994లో ఆమోదం పొంది 2002 దాకా నడిచిన ‘ఫస్ట్ రిఫరల్ హెల్త్ సిస్టమ్’ ప్రాజెక్టు పరిషత్ ఆసుపత్రులకే ఉద్దేశించింది. పాత కట్టడాల మరమ్మతు, కొత్త వార్డులు, ఆపరేషన్ థియేటర్లు, పరికరాలు, సిబ్బందికి శిక్షణ అందులో భాగం. తర్వాత 1996లో కర్ణాటక, పశ్చిమ బెంగాల్, పంజాబ్ రాష్ట్రాలకు బ్యాంకు ఇచ్చిన ఇలాంటి అప్పుకు ముందు నడిచింది ఆంధ్రప్రదేశే.

నడిమి ఆసుపత్రి చేసే పని

ఈ అంచె ఎందుకు ముఖ్యమో తెలియాలంటే పల్నాటి కష్టాలు తెలియాలి. ఇక్కడ పొలం పనిలో పాము కాటు మామూలు ప్రమాదం. రక్తపింజర కరిస్తే దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. డాక్టరు చేసే తొలి పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్ళలా జారితే విషం ఎక్కినట్టే. వెంటనే ఎనిమిది నుంచి పది వయల్స్ విషం విరుగుడు మందును సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. మందు పడక ప్రాణం మీదికి వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సూది పక్కనే పెట్టుకుంటారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం పరీక్ష చేస్తారు. కట్లపాము కాటు ఇంకో రకం. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కరుస్తుంది, నొప్పి తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. దానికి విరుగుడుతో పాటు ఊపిరి ఆడించే యంత్రం, దాన్ని నడపగల మనిషి కావాలి. ఈ పని ప్రాథమిక కేంద్రంలో పూర్తిగా జరగదు. గుంటూరు దాకా పోనిస్తే ఆలస్యమవుతుంది. కాబట్టి మధ్యలోనే జరగాలి.

పురుగుమందు సంగతీ అంతే. 1980ల రెండో సగంలో, సరిగ్గా పరిషత్ పుట్టిన రోజుల్లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టి, అప్పుల్లో కూరుకుపోయి, అదే మందు తాగి రైతులు చనిపోయారు. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి పోతే నోట్లో నురగ, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరితిత్తుల్లో నీరు. అట్రోపిన్ ఒక డోసు వేసి చేతులు దులుపుకునే వైద్యం కాదిది. స్రావాలు ఆరేదాకా కొద్ది కొద్ది నిమిషాలకోసారి మోతాదు పెంచుతూ పోవాలి. తేరుకున్నట్టే కనిపించిన మనిషికి రెండు మూడు రోజుల తర్వాత మెడ కండరాలు, ఊపిరి కండరాలు పట్టుతప్పవచ్చు. అందుకని మంచం పక్కన రాత్రంతా నిలబడగల నర్సు ఈ వైద్యానికి డాక్టరంత అవసరం. పల్నాడు ఆసుపత్రుల నర్సులు ఎన్ని పంటకాలాల పాటు ఈ రాత్రులు గడిపారో ఏ నివేదికలోనూ సరిగా కనిపించదు.

కాన్పుల విషయంలో అంతా ఒక పోస్టు మీద ఆధారపడి ఉంటుంది. సామాజిక ఆరోగ్య కేంద్రానికి ముప్ఫై పడకలు, శస్త్ర చికిత్స, జనరల్ మెడిసిన్, స్త్రీ వైద్యం, పిల్లల వైద్యం నిపుణులు ఉండాలని జాతీయ ప్రమాణాలు. మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల జనాభాకు ఒకటి. థియేటరుంది, ఆడ డాక్టరుంది, పరికరాలున్నాయి. మత్తు డాక్టరు లేకపోతే సిజేరియన్ లేదు. రక్త నిల్వ లేకపోయినా లేదు. అప్పుడు నిండు చూలాలు అంబులెన్సులో గుంటూరు దారి పట్టాలి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్ష యోజన వచ్చాక ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. ఆ పెరిగిన భారం మోయాల్సింది ఈ ఆసుపత్రులే.

ఆరోగ్యశ్రీ, 108

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. జాతీయ రహదారి పక్కనున్న ఎడ్లపాడు లాంటి ఊళ్ళకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ వైద్య పథకం ఆరంభమై, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. దాన్ని నడిపించేందుకు ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు ఏర్పడింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. గుండె ఆపరేషను, క్యాన్సర్ చికిత్స అప్పు లేకుండా చేయించుకోగలిగిన కుటుంబాలకు ఇది చేసిన మేలు తక్కువది కాదు. అయితే జాబితా పెద్ద జబ్బులతో మొదలైంది, పెద్ద జబ్బుల వైద్యం పెద్ద నగరాల్లోని ఆసుపత్రుల్లో ఉంది, సొమ్మూ అటే వెళ్ళింది. పాము కాటుకూ సిజేరియన్‌కూ దిక్కైన నడిమి ఆసుపత్రి, కథలో మళ్ళీ పక్కకు జరిగింది. మేలును ఒప్పుకుంటూనే ఈ మాట అనక తప్పదు.

పెద్దాసుపత్రి మాత్రం ఈ కాలంలోనే ఎదిగింది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థుల సంఘం, అందరూ జింకానా అని పిలిచేది, పొదిల ప్రసాద్ మిలీనియం బ్లాకు కట్టడానికి చేయూతనిచ్చింది. ఆ సంఘానికి చెందిన డాక్టర్ ఉమా గవిని 2022లో తల్లీబిడ్డల ఆసుపత్రి భవనానికి రూ. 20 కోట్ల విరాళం ప్రకటించారు. డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే సహృదయ ట్రస్టు తరఫున ప్రభుత్వంతో కలిసి అక్కడ గుండె శస్త్ర చికిత్సలు మొదలుపెట్టారు, 2016 మేలో గుండె మార్పిడి కూడా చేశారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అలాంటి ఆపరేషన్ జరగడం ఈ రాష్ట్రంలో అదే మొదలు. పూర్వ విద్యార్థులుండటం బోధనాసుపత్రికి ఉన్న వరం. చిలకలూరిపేట, మాచర్ల ఆసుపత్రులకు అలాంటి బంధువర్గం లేదు.

కొత్త జిల్లా, కొత్త ఏర్పాట్లు

ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఒక చిక్కుండేది. గుంటూరు ఆసుపత్రి వైద్య విద్య శాఖదైపోయింది కాబట్టి పరిషత్ లెక్కలో జిల్లా ఆసుపత్రి తెనాలిలో ఉండేది. తెనాలి డెల్టా నడిబొడ్డున ఉంది. నాగార్జునసాగర్ దగ్గరున్న మాచర్ల రోగికి అది గుంటూరును దాటి పోవాల్సిన ఊరు. కాగితం మీద జిల్లా అంతటిదీ అయిన ఆసుపత్రి పల్నాటికి ఉపయోగపడింది తక్కువ. నరసరావుపేట ఏరియా ఆసుపత్రే ఆ బరువు మోసింది. 2020 వేసవిలో నరసరావుపేటలో కరోనా కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, పట్టణంలోనే గట్టి ఆసుపత్రి ఎందుకుండాలో అందరికీ తెలిసొచ్చింది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. దాంతో గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ రెండూ పల్నాడుకు పక్క జిల్లావి అయ్యాయి. 2015లో శంకుస్థాపన జరిగి 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైన ఎయిమ్స్ ఎడ్లపాడు వారికి రహదారి మీద దగ్గరే. గురజాల, మాచర్ల వారికి దగ్గర కాదు. పిడుగురాళ్ళలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. సున్నపు బట్టీల ఊరు అది, పల్నాడు పడమటి ఊళ్ళకు గుంటూరు కంటే దగ్గర, ఎంపిక సబబైనదే. ఇక 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని చిలకలూరిపేట నియోజకవర్గంలోని లింగంగుంట్లలో ప్రారంభించారు. ప్రాథమిక కేంద్రం డాక్టరే నెలలో నిర్ణీత రోజుల్లో ఊళ్ళకు వచ్చి బీపీ, షుగరు రోగులను చూడటం దాని సారాంశం.

అదే 2023లో పరిషత్ ఉద్యోగులను ప్రభుత్వ ఉద్యోగులుగా విలీనం చేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పరిషత్ స్థానంలో సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ వచ్చింది. సిబ్బంది కోరిక తీరింది. వాళ్ళకు ఇది న్యాయమే. కానీ ఆసుపత్రులు నడపడానికి వేరే సంస్థ కావాలన్న 1986 నాటి ఆలోచన దీంతో ముగిసింది. ఆ ఆలోచన తప్పని ఎవరూ రుజువు చేయలేదు. ఒక్కో ఆసుపత్రికీ అధికారం ఇవ్వకుండా, సొమ్ము చేతికివ్వకుండా నడిపారు. ప్రతిదీ అడిగి తెచ్చుకోవాల్సిన దుస్థితిలో ఉన్న సంస్థను స్వయంప్రతిపత్తి అనడం సరికాదు.

ఇంకో మార్పు కూడా ఈ అంచెను తాకింది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్త వైద్య కళాశాలలు తెరిచినప్పుడు, అక్కడి జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులై వైద్య విద్య శాఖ కిందికి వెళ్ళాయి. ఆ పట్టణాలకు ప్రొఫెసర్లు వచ్చారు, అది లాభమే. నడిమి అంచెకు మాత్రం తన అన్నిటికంటే పెద్ద ఆసుపత్రులు చేజారాయి. పల్నాడులో కళాశాల పిడుగురాళ్ళకు వెళ్ళింది కాబట్టి నరసరావుపేట ఆసుపత్రి జిల్లా కేంద్రపు ఆసుపత్రిగా తన సొంత కాళ్ళ మీద నిలబడాల్సి ఉంది. చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల ఆసుపత్రులు కేసును పంపడానికి ముందు చూసే చోటు అదే. దానికి మత్తు డాక్టర్ల పోస్టులు, రాత్రి పూట నడిచే రక్తనిధి, వెంటిలేటర్ పట్టగల నర్సులు దొరికితే, ఎడ్లపాడు రహదారి మీద గుంటూరు వైపు పరిగెత్తే అంబులెన్సుల్లో చాలావాటికి ఆ పరుగు అవసరం ఉండదు.